ప్రత్యేక బడి ఎంత దూరం? గోదావరి డెల్టాలో దివ్యాంగ బిడ్డకు స్కూలు వెతకడం

నరసాపురం రేవులో నిలబడి సఖినేటిపల్లి వైపు చూస్తే మధ్యలో ఉన్నది వశిష్ఠ గోదావరి ఒక్కటే. పంటు (జనాన్నీ బళ్లనీ దాటించే పడవ) మీద దాటడానికి కాసేపు చాలు. కానీ ఇంకా మాటలు రాని ఆరేళ్ల పిల్లవాణ్ణి, ఇంజను చప్పుడు వినపడగానే రెండు చెవులూ మూసుకునే పిల్లవాణ్ణి రోజూ పొద్దునా సాయంత్రం ఆ పంటు ఎక్కించి దింపాలంటే ఆ ఏరే ఎంతో వెడల్పుగా కనిపిస్తుంది. డెల్టా పల్లెల్లో ప్రత్యేక అవసరాలున్న బిడ్డకి బడి వెతికే కుటుంబాలు "ఏది మంచి స్కూలు?" అని అడగడం మొదలుపెట్టేసరికే "ఏ స్కూలుకి వెళ్లి రాగలం?" అన్న ప్రశ్న వచ్చి ముందు నిలబడుతుంది. ఈ రెండో ప్రశ్నని చిన్నచూపు చూసి తీసుకున్న నిర్ణయాలే ఎక్కువగా మధ్యలో ఆగిపోతాయి.

స్పీచ్ థెరపిస్టులు, సైకాలజిస్టులు, పేరున్న ప్రత్యేక పాఠశాలలు చాలావరకు కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు, భీమవరం లాంటి పట్టణాల చుట్టే ఉన్నాయి. కాకినాడలోని ఉమా మనోవికాస కేంద్రం లాంటివి బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. అంతర్వేది దగ్గరి పల్లె నుంచి కాకినాడ వెళ్లి వస్తే ఆ రోజు కాస్తా అయిపోతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఒక మేలు జరిగింది. రాజోలు, అమలాపురం వాళ్లు ఆఫీసు పనుల కోసం కాకినాడ కలెక్టరేటు దాకా వెళ్లే అవసరం తప్పి, అవి అమలాపురంలోనే జరుగుతున్నాయి. నరసాపురం వాళ్లకి భీమవరం అలాగే దగ్గరైంది. జిల్లా ఆఫీసులైతే దగ్గరికొచ్చాయి గానీ, థెరపిస్టులు మాత్రం ఇంకా పట్టణాల్లోనే ఉన్నారు.

బడి కంటే ముందు

మూడేళ్లు దాటినా బిడ్డకి మాట రాకపోతే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటుంది: "వాళ్ల నాన్న కూడా లేటుగానే మాట్లాడాడులే." ప్రేమతోనే అంటారు. ఆ మాట మీద రెండేళ్లు గడిచిపోతాయి. మాట రాని ప్రతి బిడ్డకీ ముందు చేయించాల్సింది వినికిడి పరీక్ష. పిలిస్తే పలకనివాడిని మొండివాడనో, ఆటిజం అనో అనుకుని థెరపీ మొదలుపెట్టి, వాడికి అసలు చెవులే సరిగా వినపడవని చాలా ఆలస్యంగా తెలుసుకున్న తల్లిదండ్రులు ఉన్నారు. చప్పట్లు కొడితే తిరిగాడు కాబట్టి వినపడుతున్నట్టే అన్న లెక్క పనికిరాదు. కొన్ని శబ్దాలు వినపడి కొన్ని వినపడకపోవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకీ ప్రభుత్వ బడులకీ వైద్య బృందాలు వస్తాయి. అనుమానం ఉన్న పిల్లల్ని సత్వర చికిత్స కేంద్రాలకి పంపుతాయి. బృందం వచ్చే రోజు అంగన్‌వాడీ టీచరుకి తెలుస్తుంది. బిడ్డ ఆ రోజు ఇంట్లో ఉండిపోకుండా చూసుకుంటే చాలు.

బడి ఎంపికకి వైకల్య సర్టిఫికెట్ మీద ఉన్న పర్సంటేజీ పెద్దగా ఉపయోగపడదు. 40 శాతం, ఆపైన ఉంటే పింఛను వస్తుంది, పథకాలు వస్తాయి. కానీ "బుద్ధిమాంద్యం 60 శాతం" అన్న ముక్కని బట్టి ఆ పాప బొత్తాలు పెట్టుకోగలదా, బాత్రూం వస్తోందని చెప్పగలదా, నలుగురిలో కూర్చోగలదా అన్నది ఏ టీచరుకీ తెలియదు. సికింద్రాబాదులో 1984లో మొదలైన బుద్ధిమాంద్యుల జాతీయ సంస్థ (ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు) ఇలాంటి పిల్లల కోసం ఎఫ్‌ఏసీపీ అనే చెక్‌లిస్టు తయారు చేసింది. అన్నం తినడం, బట్టలు వేసుకోవడం, మాట, లెక్క, నలుగురితో మెలగడం, వీటిలో బిడ్డ తనంతట తాను ఏది చేస్తాడు, చెబితే ఏది చేస్తాడు, చెయ్యి పట్టిస్తే ఏది చేస్తాడు అని అందులో గుర్తిస్తారు. చేరిన కొత్తలో ఇలాంటి పరీక్ష ఏదో ఒకటి చేయని స్కూలు, ఆ బిడ్డకి ఏం నేర్పాలో తెలుసుకోకుండానే నేర్పడం మొదలుపెట్టిందన్నమాట.

ఊళ్లో బడా, స్పెషల్ స్కూలా, హాస్టలా?

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకి ఉచిత విద్య హక్కు. అది ఇంటి దగ్గరి బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది ఎంచుకునే హక్కు కూడా వాళ్లదే. ప్రభుత్వ నిధులు తీసుకునే బడి గానీ, గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి గానీ వైకల్యం కారణంగా పిల్లల్ని కాదనకూడదు. తీవ్రమైన, బహుళ వైకల్యాలున్న పిల్లలు ఇంటి వద్దే చదువు పొందవచ్చని విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ చెబుతోంది.

కాబట్టి దారులు నాలుగు. ఊళ్లో బడిలో చేర్చి మండలంలో ప్రత్యేక టీచర్లుండే ప్రభుత్వ భవిత కేంద్రం సాయం తీసుకోవడం, రోజూ వెళ్లి వచ్చే స్పెషల్ స్కూలు, హాస్టలున్న స్పెషల్ స్కూలు, ఇంటి దగ్గరే చదువు. వీటిలో ఫలానాది మిగతావాటికంటే గొప్పదనే మాట ఎవరు చెప్పినా నమ్మకూడదు. అది బిడ్డ ఇబ్బంది ఏమిటన్న దాని మీదే పూర్తిగా ఆధారపడి ఉంటుంది.

కాళ్లు చచ్చుబడినా మెదడు చురుగ్గా ఉన్న పిల్లవాడికి స్పెషల్ స్కూలు అక్కర్లేదు. కావలసింది ర్యాంపు, తగిన బల్ల, దగ్గరలో బాత్రూం, వారానికోసారైనా ఫిజియోథెరపీ. అతన్ని స్పెషల్ స్కూల్లో వేస్తే తోటివాళ్లతో పాటు చదివే అవకాశం పోతుంది. చదవడంలో, రాయడంలో మాత్రమే ఇబ్బంది పడే పిల్లల సంగతీ అంతే. తరగతిలో "మొద్దు" అనిపించుకునే ఈ పిల్లల్లో చాలామంది మామూలు బడిలోనే, టీచరు పద్ధతి మార్చుకుంటే నెగ్గుకొస్తారు. పదో తరగతి పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుడు, అదనపు సమయం లాంటి వెసులుబాట్లు వీళ్లకి ఉన్నాయి. చదువు మధ్యలో ఆగితే ఓపెన్ స్కూల్ ఉంది.

పుట్టుకతో వినపడని పిల్లల విషయం వేరు. ఊరి బడిలో మంచి టీచరున్నా, ప్రేమగా చూసే స్నేహితులున్నా, వాళ్ల మాట ఆ బిడ్డ చెవిన పడదు. సైగల భాష తెలిసినవాళ్లు ఆ ఊళ్లో ఒక్కరూ ఉండరు. ఏ భాషా అందకుండా ఎనిమిదేళ్లు గడిస్తే ఆ లోటు తర్వాత పూడ్చడం చాలా కష్టం. చిన్న వయసులోనే కాక్లియర్ ఇంప్లాంటు (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) చేయించి, దాని తర్వాత ఏళ్ల తరబడి స్పీచ్ థెరపీ ఇప్పించగలిగితే ఊళ్లో బడి సాధ్యమే. ఆపరేషన్ అయిపోయాక థెరపీ మానేస్తే మాత్రం లాభం లేదు. అలా కుదరనప్పుడు సైగల భాషలో మాట్లాడుకునే తోటి పిల్లలున్న బడి కావాలి. అది దూరమైనా, హాస్టలైనా. బాపట్లలో ఉన్నట్టు వినికిడి లోపం ఉన్న పిల్లల కోసం ప్రభుత్వ రెసిడెన్షియల్ పాఠశాలలు ఉన్నాయి.

బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న చిన్నపిల్లలకి ఇదే లెక్క తిరగబడుతుంది. వాళ్లు నేర్చుకోవాల్సిన వాటిలో సగం ఇంటి పనులే. పళ్లు తోముకోవడం, చెప్పులు ఏ కాలివి ఆ కాలికి వేసుకోవడం, ఆకలైతే చెప్పడం, వీధిలో ఆటో వస్తే ఆగడం. హాస్టల్లో నేర్చుకున్నది ఇంటికొచ్చాక కొనసాగకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. పైగా మాట రాని బిడ్డ తనకి జరిగింది చెప్పుకోలేదు. కాబట్టి ఇంట్లో చూసుకునేవాళ్లు ఒక్కరున్నా సరే, పదేళ్ల లోపు ఇలాంటి పిల్లల్ని హాస్టల్లో వేయకపోవడమే మేలు. అరవై కిలోమీటర్ల అవతలి గొప్ప హాస్టల్ కంటే, ఊరి బడిలో పేరు ఉండి, వారంలో కొన్ని రోజులు భవిత కేంద్రానికి వెళ్తూ, మిగతా రోజులు అమ్మ దగ్గర అవే పనులు నేర్చుకునే ఏర్పాటు ఈ వయసులో ఎక్కువ ఫలితం ఇస్తుంది. తల్లి ఒంటరిదై కూలికి వెళ్లక తప్పని ఇళ్లలో ఈ సలహా పనిచేయదు. వాళ్లు హాస్టల్ వైపు వెళ్లడంలో తప్పేమీ లేదు, దానికి బాధపడాల్సిన పనీ లేదు. వాళ్లు మరింత జాగ్రత్తగా వెతకాలి, అంతే.

భవిత కేంద్రాల గురించి చాలా ఇళ్లలో తెలియనే తెలియదు. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే ఈ కేంద్రాల్లో ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన రిసోర్సు టీచర్లు ఉంటారు. ఫిజియోథెరపిస్టు నిర్ణీత రోజుల్లో వస్తారు. కదల్లేని పిల్లల ఇంటికి టీచరే వెళ్లాలి. రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకి ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్లలకి నెలకి ₹200 చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉన్నాయి. అన్ని కేంద్రాలూ ఒకేలా నడవవు. ఒకచోట టీచరు ప్రాణం పెట్టి చేస్తారు, ఇంకోచోట ఉదయం పూట తలుపు తీసి ఉంటే అదే పదివేలు. ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో కేంద్రం ఎక్కడుందో కనుక్కుని, రెండుసార్లు వేర్వేరు రోజుల్లో వెళ్లి చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

నీళ్ల సంగతి

డెల్టాలో బడి చూసేటప్పుడు వేరే ఊళ్ల వాళ్లు అడగని ప్రశ్నలు రెండు అడగాలి. రెండూ నీళ్ల గురించే.

మొదటిది వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికే కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వేలు మునుగుతాయి, పంట్లు ఆపేస్తారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో లంకలు (ఏటి పాయల మధ్య ఉన్న ఊళ్లు) రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అది అరుదైన ఏడాదే గానీ, జులై, ఆగస్టుల్లో రాకపోకలు తెగిపోవడం లంక గ్రామాలకి కొత్త కాదు. మామూలు పిల్లలకి అవి సెలవులు. రోజూ ఒకే వేళకి ఒకే పని జరిగితేనే కుదురుగా ఉండే ఆటిజం పిల్లవాడికి, జూన్‌లో మొదలైన కొత్త అలవాటు జులైలో పది రోజులు ఆగిపోతే మళ్లీ బడి గేటు దగ్గర నిలబెట్టడానికి నెల పడుతుంది. అందుకే లంకలో ఉండేవాళ్లు చేరేటప్పుడే టీచరుతో మాట్లాడుకోవాలి. ఏటి అవతల ఇరుక్కుపోయిన రోజుల్లో ఇంట్లో ఏం చేయించాలో కాగితం మీద రాసివ్వమని, రోజూ ఒకసారి వీడియో కాల్‌లో బిడ్డకి టీచరు మొహం చూపించమని అడగాలి. మనసున్న టీచర్లెవరూ దీనికి కాదనరు.

రెండోది కాలువలు, చెరువులు. ఇది ప్రాణానికి సంబంధించింది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచి వెళ్లిపోయే అలవాటు ఉంటుంది. నీళ్లంటే వాళ్లలో చాలామందికి విపరీతమైన ఇష్టం. ఇలా వెళ్లి నీళ్లలో మునిగిపోవడం గురించి వైద్యులు ప్రపంచమంతటా హెచ్చరిస్తూనే ఉన్నారు. గోదావరి జిల్లాల్లో ఇంటి గుమ్మం దాటితే పంట కాలువ, నాలుగడుగులు వేస్తే చేపల చెరువు. ఉండి, ఆకివీడు వైపు రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. బిల్డింగు ఎంత బాగున్నా ప్రహరీ లేని బడి, పగలంతా గేటు తెరిచి ఉండే బడి ఈ పిల్లలకి పనికిరాదు. చూడ్డానికి వెళ్లినప్పుడు గేటు దగ్గర పావుగంట నిలబడితే చాలు. గొళ్లెం ఎవరు వేస్తున్నారు, కూరగాయల బండి లోపలికి వచ్చాక గేటు ఎంతసేపు తెరిచి ఉంది, బస్సు దగ్గర పిల్లల్ని ఎవరు లెక్కపెడుతున్నారు అన్నవి కనిపిస్తాయి. "మీ పిల్లల్లో బయటికి వెళ్లిపోయే అలవాటు ఎవరికుందో మీకు తెలుసా?" అని అడిగితే, పేర్లు చెప్పగలిగిన ఆయా ఉన్న బడిని నమ్మవచ్చు.

అన్నం వేళకి వెళ్లి చూడండి

ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని ఆల్బం చూస్తే ఏ బడైనా బాగానే ఉంటుంది. డిసెంబరు 3 దివ్యాంగుల దినోత్సవం ఫోటోలు, డ్యాన్సులు, వచ్చిన పెద్దమనుషులు. అసలు బడి కనిపించేది మధ్యాహ్నం పన్నెండున్నరకి.

కంచం ముందు కూర్చున్న పిల్లవాణ్ణి ఒక పావుగంట గమనించాలి. పప్పు, అన్నం ముందు పెట్టి ఆయా పక్కన కూర్చుంటుంది. వాడు వేళ్లతో కలుపుతాడు, సగం కింద పోస్తాడు. ఆమె వాడి మణికట్టు కింద తన చెయ్యి ఆనించి ముద్ద నోటి దాకా తీసుకెళ్లి, చివరి రెండంగుళాలు వాడికే వదిలేస్తుంది. చొక్కా పాడవుతుంది, అరగంట పడుతుంది. నేర్పడమంటే అదే. పక్క బడిలో పది మందిని వరసగా కూర్చోబెట్టి ఒకే చెంచాతో నోట్లో పెట్టేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది, గది శుభ్రంగా ఉంటుంది, చూసినవాళ్లకి ముచ్చటేస్తుంది. ఆ పిల్లలు పదిహేనేళ్లకి కూడా తమ చేత్తో తినరు.

బాత్రూం కూడా చూసి తీరాలి. నీళ్లు, సబ్బు, పట్టుకోవడానికి కడ్డీ, పెద్ద ఆడపిల్లలకి మరుగు ఉన్నాయో లేదో చూడాలి. ఆడపిల్లల్ని బాత్రూంకి ఎవరు తీసుకెళ్తారు, నెలసరి రోజుల్లో ఎవరు చూసుకుంటారు, బస్సులో మహిళా ఆయా చివరి స్టాపు దాకా ఉంటుందా అన్నవి మొహమాటపడకుండా అడగాల్సిన ప్రశ్నలు. ఇలాంటివి అడిగితే చిరాకు పడే బడిని వదిలేయడమే మంచిది.

టీచర్ల అర్హతలు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. స్పెషల్ టీచర్లు, స్పీచ్ థెరపిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. 1992 చట్టం పెట్టిన నియమం అది. ప్రతి ఒక్కరికీ సీఆర్‌ఆర్ నంబరు ఉంటుంది, అడిగితే చెప్పాలి. సంస్థకి దివ్యాంగుల హక్కుల చట్టం కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. అది ఉందో లేదో జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో కనుక్కోవచ్చు. ఇక టీచర్ల సంఖ్య. స్పెషల్ టీచర్ల గురించి సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఇచ్చిన తీర్పులో బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లలకి ఐదుగురికి ఒక టీచరు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్లు సరిగా కదలని స్థితి) ఉన్న పిల్లలకి ఎనిమిది మందికి ఒకరు అన్న లెక్క ఉంది. మన చుట్టుపక్కల చాలా బడులు ఆ లెక్కకి చేరుకోవు. అయినా పాతిక మందికి ఒకే టీచరు ఉన్న గదిలో నేర్పడం జరగదు, కాపలా మాత్రమే జరుగుతుంది.

"ఆరు నెలల్లో నార్మల్ చేసేస్తాం" అనే చోట ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు. ఆటిజంకి మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్సని సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. అయినా పొలం అమ్మి లక్షలు పోసేవాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. ఆశ పెద్దది కాబట్టి మోసం కూడా పెద్దగానే జరుగుతోంది.

ఏం నేర్పుతారన్నదానికి రాతపూర్వకమైన ప్లాను ఉండాలి. ప్రతి బిడ్డకీ విడిగా రాసే ఐఈపీ అది. "మాట మెరుగుపరచడం" అని రాస్తే అది ప్లాను కాదు. "మూడు నెలల్లో నీళ్లు కావాలంటే గ్లాసు బొమ్మ చూపించి అడగడం" అని రాస్తే ప్లాను. భాష సంగతి కూడా చూడాలి. ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడుతుంటే థెరపీ గదిలో "యాపిల్, ఎలిఫెంట్" కార్డులు పట్టుకుంటే బిడ్డ రెండు లోకాల మధ్య ఇరుక్కుంటాడు. రావులపాలెం పిల్లవాడికి ముందు రావలసిన మాటలు అరటిపండు, బొండం, గేదె, అమ్మ. ఇంగ్లీషు మాట చెబితేనే చదువు వచ్చినట్టు అనుకునే తల్లిదండ్రుల కోసమే కొన్ని బడులు ఆ కార్డులు వాడుతున్నాయి. అది మానుకోమని తల్లిదండ్రులే చెప్పాలి.

పిల్లలకి పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి వేరే ప్రశ్న వస్తుంది. ఇక్కడ చదివి బయటికొచ్చినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? చాలా స్పెషల్ స్కూళ్లలో కొవ్వొత్తులు, ఫినాయిలు, కాగితం కవర్లు చేయిస్తారు. వాటికి బయట కొనేవాళ్లు తక్కువ. కడియం నర్సరీల్లో కవర్లలో మట్టి నింపడం, మొక్కలకి నీళ్లు పెట్టడం, కొబ్బరి పీచు పని, ఆత్రేయపురం పూతరేకుల ప్యాకింగు ఇవన్నీ ఈ నేల మీద నిజంగా జీతం వచ్చే పనులు. ఒకే పనిని మళ్లీ మళ్లీ శ్రద్ధగా చేయగలిగే యువకులకి బాగా సరిపోతాయి. ఊరి చుట్టూ ఉన్న పనిని బడి లోపలికి తెచ్చిన స్కూలు దొరికితే మిగతా లోపాలు కొన్ని సర్దుకోవచ్చు.

కాగితాలు

బడి ఖాయమయ్యాక కాగితాల కోసం పరిగెత్తేవాళ్లే ఎక్కువ. ముందే మొదలుపెడితే చాలా టెన్షన్ తగ్గుతుంది. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌కి ఊరి సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ తీసుకోవాలి. ఇచ్చిన తేదీన ఆసుపత్రిలో క్యాంపు జరుగుతుంది. క్యాంపు రోజు ఎలా ఉంటుందో తెలిసి వెళ్లాలి. పొద్దున్నే వరస, ఎండ, కొత్త మనుషులు, ఏడ్చే పిల్లలు. డాక్టరు ముందుకి వెళ్లేసరికి బిడ్డ అలసిపోయి నిద్రపోతాడు, లేకపోతే గుక్కపట్టి ఏడుస్తాడు. ఆయన చూసేది ఆ కాసేపే. అందుకే ఇంట్లో తీసిన చిన్న వీడియోలు, పాత డాక్టర్ల చీటీలు, ఈఈజీ (మెదడు పరీక్ష), వినికిడి పరీక్ష రిపోర్టులు, థెరపిస్టు నోట్సు ఒకే ఫైలులో తేదీల వరసలో పెట్టుకుని వెళ్లాలి. 2025లో దివ్యాంగ పింఛన్ల మీద మళ్లీ పరీక్షలు జరిగినప్పుడు ఆ పాత ఫైళ్ల విలువేమిటో చాలా ఇళ్లకి తెలిసొచ్చింది. చిన్నపిల్లలకి ఇచ్చేది తరచుగా తాత్కాలిక సర్టిఫికెట్. గడువు తేదీ ఫోన్‌లో అలారంగా పెట్టుకోవాలి. దేశమంతటా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి కూడా అప్పుడే నమోదు చేయించుకోవాలి.

మిగతావి మామూలువే. పుట్టిన తేదీ ధ్రువపత్రం, బిడ్డవీ తల్లిదండ్రులవీ ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, టీకాల కార్డు, ఇంతకుముందు బడిలో ఉంటే టీసీ. పేర్లలో ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందే సరిచేయించాలి. ఫిట్స్ వచ్చే పిల్లలకి ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని గంటలకి, ఫిట్స్ వస్తే ఏం చేయాలి అన్నది డాక్టరు చేత రాయించి ఇవ్వాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు, థెరపీలతో సహా అందులో వస్తాయి.

ఒక విషయం దగ్గర చాలామంది దెబ్బతింటారు. స్పెషల్ స్కూలుకి యూడైస్ కోడ్ (బడికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) ఉందా లేదా అని అడగరు. ప్రభుత్వ రికార్డుల్లో బిడ్డ ఏ బడిలో చదువుతున్నట్టు ఉంటాడన్నది దాని మీద ఆధారపడి ఉంటుంది. తల్లికి వందనం లాంటి పథకాలు బడిలో నమోదు, హాజరులతో ముడిపడి ఉన్నాయి. ఊరి బడిలో పేరు తీసేసి, కోడ్ లేని కేంద్రంలో చేరిస్తే బిడ్డ రికార్డుల నుంచే జారిపోతాడు. అలాంటప్పుడు ఊరి బడి హెడ్‌మాస్టరుతో, భవిత టీచరుతో మాట్లాడి ఎక్కడ పేరు ఉంచాలో తేల్చుకున్నాకే టీసీ తీసుకోవాలి.

ప్రైవేటు బడుల్లో విద్యాహక్కు చట్టం కింద కేటాయించే 25 శాతం సీట్లలో మన రాష్ట్రంలో 5 శాతం అనాథలకి, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకి, దివ్యాంగులకి ఉంది. ఒకటో తరగతికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. ఈ అవకాశాన్ని వాడుకుంటున్న దివ్యాంగ కుటుంబాలు తక్కువగానే కనిపిస్తాయి. ఇక ఏ బడైనా "మా దగ్గర సౌకర్యాల్లేవండీ, వేరే చోట చూసుకోండి" అని మర్యాదగా పంపించేస్తే, ఆ మాటే కాగితం మీద రాసివ్వమని అడగాలి. సగం చోట్ల ఆ అడగడంతోనే దారి తెరుచుకుంటుంది. రాసిస్తే దాన్ని ఎంఈఓకి, జిల్లా విద్యాధికారి డీఈఓకి అర్జీతో జత చేసి, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే గ్రీవెన్సులో ఇవ్వొచ్చు.

ఫీజు గురించి ఒకే మాట. నెల ఫీజు అడిగి ఊరుకోవద్దు. థెరపీకి విడిగా ఎంత, బస్సుకి ఎంత, వరదలకి రాలేని నెలలో ఎంత అని అడిగి రాయించుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం కావడంతో బిడ్డని తీసుకెళ్లే తల్లి ఛార్జీ తగ్గింది. బస్సు ఆగే రోడ్డు నుంచి బడి దాకా ఆటో ఖర్చు మాత్రం అలాగే ఉంది.

ఒక పేజీ

దరఖాస్తు ఫారంలో "పిల్లవాడి వివరాలు" అన్నచోట నాలుగు గళ్లు ఉంటాయి. వాటిలో బిడ్డ పట్టడు. దాంతో పాటు ఒక తెల్ల కాగితం మీద, రోజూ చూసుకునే మనిషి చేత్తో, ఇలా రాసిస్తే మంచిది:

"అసలు పేరుతో పిలిస్తే పలకడు, చిన్నీ అంటే తిరుగుతాడు. ఆకలైతే నా కొంగు పట్టుకుని వంటింటి గడప దాకా లాక్కెళ్తాడు. ఒంటికి వచ్చే ముందు మూలకి వెళ్లి నిలబడతాడు. మిక్సీ చప్పుడు, బాణసంచా పడవు. పెరుగన్నం తింటాడు, వంకాయ నోట్లో పెట్టుకోడు. ఏడుస్తుంటే ఎత్తుకోవద్దు, వీపు మీద గట్టిగా రుద్దితే ఊరుకుంటాడు. కాలువ కనిపిస్తే పరిగెడతాడు, చెయ్యి వదలొద్దు."

ఏ ఐక్యూ రిపోర్టూ చెప్పలేనిది ఈ ఏడు ముక్కల్లో ఉంది. కొత్త టీచరు మొదటి రోజు చదివితే ఆ బిడ్డ మొదటి వారం చాలా తేలికవుతుంది.

కోనసీమలో ఈ కాగితం రాసేది చాలా ఇళ్లలో అమ్మమ్మో నానమ్మో. అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది. బిడ్డ థెరపీ ఖర్చు కోసమే వెళ్లిన తల్లులూ ఉన్నారు. అలాంటప్పుడు ఆసుపత్రిలో, బడిలో సంతకం ఎవరిదో ముందే తేల్చుకుని, తల్లిదండ్రుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని ఫైలులో పెట్టుకోవాలి. ఐఈపీ మీటింగు రోజున వీడియో కాల్ పెట్టమని బడిని అడగాలి. పెద్దావిడకి "ఇంట్లో ఇది చేయించండి" అని ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టే బడి కంటే, ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చేసి చూపించే బడి వెయ్యి రెట్లు నయం. బిడ్డకి పద్దెనిమిదేళ్లు నిండాక కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ ద్వారా చట్టబద్ధమైన గార్డియన్‌ని నియమించుకోవాలన్న సంగతి కూడా ఈ ఇళ్లలో ఇప్పుడే తెలిసి ఉండాలి.

జూన్‌లో చేరిన బిడ్డ ఎలా ఉన్నాడో జులైలోనే తేల్చేయడం తొందరపాటు. మొదట్లో ఏడుపు, నిద్ర తగ్గడం, ఇంట్లో కొత్త మొండితనం మామూలే. ఒంటి మీద గాయాలు, ఒక మనిషిని చూస్తే వణికిపోవడం, అప్పటిదాకా వచ్చిన పనులు పోవడం మాత్రం మామూలు కావు. అవి కనిపిస్తే ఆ రోజే వెళ్లి అడగాలి, అవసరమైతే ఆ రోజే మాన్పించాలి. అలాంటివేమీ లేకపోతే దసరా దాకా ఆగవచ్చు. సెలవులయ్యాక బడికి వెళ్లేటప్పుడు జూన్‌లో రాసిన ఆ కాగితం నకలు పట్టుకెళ్లి, టీచరు పక్కన కూర్చుని ఒక్కో వాక్యం చదవాలి. కొంగు పట్టుకుని లాగడం మాని గ్లాసు బొమ్మ చూపిస్తున్నాడా, మూలకి వెళ్లి నిలబడేవాడు ఇప్పుడు ఆయా చెయ్యి పట్టుకుంటున్నాడా? మారిన వాక్యాన్ని కొట్టేసి పక్కన కొత్తది రాయాలి. ఒక్కటీ కొట్టేయాల్సిన పని పడకపోతే, ఎందుకని అక్కడే, టీచరునే అడగాలి.